లైవ్‌లో చూస్తే మీటింగుకు హాజరైనట్టేనా?

మొన్న సెప్టెంబరులో కడపలో మాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారింట్లో తమాషా జరిగింది. ఆయన దగ్గర ఒక పెద్ద కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి. ఆ కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశం, అంటే ఏజీఎం, ఆన్‌లైన్‌లో పెట్టారు. నోటీసులో రెండు లింకులు ఇచ్చారు. ఎందుకైనా మంచిదని సారు రెండూ తెరిచారు. ఒకటి చేతిలో ఫోన్లో, ఇంకొకటి అక్షరాలు పెద్దగా కనబడతాయని టీవీలో. డివిడెండ్ గురించి అడగడానికి ముందే పేరు ఇచ్చి ఉన్నారు. ఆయన వంతు వచ్చింది. ఫోన్లో మాట్లాడటం మొదలుపెట్టారు. అర నిమిషం లోపే టీవీలోంచి ఎవరో "నమస్కారం, నేను కడప నుంచి" అంటున్నారు. తీరా చూస్తే అది ఆయన గొంతే. సారు తడబడి ఆగిపోయారు. అటువైపు నుంచి "సార్, మీ మాట వినబడటం లేదు" అంటున్నారు.

"ఏందబ్బీ ఇది, నా గొంతు నాకే మళ్లీ ఇనపడ్తాంది!" అని ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశారు. పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ లైవ్ ఇచ్చే పని నాది. కొన్నేళ్లుగా కంపెనీల మీటింగులకూ పిలుస్తున్నారు కాబట్టి ఇలాంటి సందేహాలు నా దగ్గరికే వస్తాయి. ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. ఒకే మీటింగుకు రెండు లింకులెందుకు? టీవీలో అంత ఆలస్యం ఎందుకు? టీవీలో మాత్రమే చూసుంటే హాజరు పడేదా, లేదా? ఆన్‌లైన్ మీటింగుల గురించి ఉన్న గందరగోళమంతా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

ఒక్క 'లైవ్' వెనక మూడు వేర్వేరు పనులు

మనం అన్నిటినీ 'లైవ్' అనేస్తాం. లోపల మాత్రం తేడాలున్నాయి.

స్ట్రీమింగ్ అనేది వీడియోను చేరవేసే పద్ధతి. ఫైలు మొత్తం దిగాక చూడటం కాకుండా, వస్తున్న ముక్కను వస్తున్నట్టే చూపించడం. రాత్రి పడుకునే ముందు చూసే పాత సినిమా కూడా స్ట్రీమింగే. అందులో లైవ్ ఏమీ లేదు.

వెబ్‌కాస్ట్ అంటే ఇంటర్నెట్ మీద ప్రసారం. ఒకరు మాట్లాడతారు, వేలమంది చూస్తారు. చూసేవాళ్ల కెమెరా, మైకుతో దానికి పని లేదు. టీవీ చానల్ లాంటిదే అనుకోండి. మహా అయితే కింద ఒక పెట్టెలో ప్రశ్న టైపు చేయొచ్చు.

వీడియో కాన్ఫరెన్స్ రెండు వైపులా నడిచేది. కరోనా కాలంలో పిల్లల క్లాసులు జరిగినట్టు అందరూ చూడొచ్చు, అందరూ మాట్లాడొచ్చు. ఈ రెంటికీ మధ్యలో వెబినార్ ఉంటుంది. కొందరు వేదిక మీద, మిగతావాళ్లు ప్రేక్షకులు, చెయ్యెత్తితే మైకు ఇస్తారు.

సారు ఫోన్లో ఉన్నది వీడియో కాన్ఫరెన్స్, టీవీలో ఉన్నది వెబ్‌కాస్ట్. మీటింగు ఒక్కటే అయినా అది ఆయన్ను చేరిన దారులు రెండు.

సుంకేసుల నీళ్లు కడపకు ఎప్పుడొస్తాయి?

కేసీ కాలువ కింద మడి ఉన్నవాళ్లకు ఈ ఆలస్యం సంగతి చెప్పనక్కర్లేదు. సుంకేసుల బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తిన గంటకే కడప వైపు నీళ్లు రావు. మధ్యలో మూడు వందల కిలోమీటర్ల కాలువ నిండాలి. వెబ్‌కాస్ట్ కూడా ఇలాగే నిండుతూ వస్తుంది. కాకపోతే అక్కడ రోజులు పట్టేది ఇక్కడ సెకన్లలో అయిపోతుంది.

ఇప్పుడు ఎక్కువ వెబ్‌కాస్టులు నడిచేది హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి మీద. 2009లో యాపిల్ తెచ్చింది. ఇది వీడియోను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ మామూలు ఫైలులాగా సర్వర్లో పెడుతుంది. ముక్క నిడివి సాధారణంగా 6 సెకన్లు. ఆ 6 సెకన్లూ పూర్తయితే గానీ ముక్క తయారు కాదు. చూసేవాళ్ల ఫోను కూడా తాజా ముక్క దగ్గర మొదలుపెట్టదు. నెట్ ఒక్క క్షణం మందగించినా బొమ్మ ఆగిపోకూడదని మూడు ముక్కలు వెనకనుంచి మొదలుపెడుతుంది. అక్కడే 18 సెకన్లు. దానికి ముక్క తయారయ్యే సమయం, కెమెరా బొమ్మను కుదించే సమయం, సర్వర్లలో తిరిగే సమయం కలపండి. 20 నుంచి 30 సెకన్లు అవుతుంది. సారు గొంతు టీవీలో తిరిగొచ్చిన లెక్క ఇదే.

వీడియో కాన్ఫరెన్స్ వెబ్‌ఆర్‌టీసీ వంటి పద్ధతుల్లో నడుస్తుంది. ముక్కలు కూడబెట్టుకునే ఓపిక దానికి లేదు. వచ్చింది వచ్చినట్టు తోసేస్తుంది. ఏదైనా పోతే పోయిందనుకుంటుంది. అందుకే ఆలస్యం సెకనులోపే, అందుకే మధ్యమధ్యలో మొహం గళ్లుగళ్లుగా మారి గొంతు రోబోలా అవుతుంది. నిదానంగా వచ్చేదానికి నాణ్యత, త్వరగా వచ్చేదానికి సంభాషణ. రెండూ ఒకేసారి కావాలంటే ఖర్చు పెరుగుతుంది.

మరి అందరికీ వీడియో కాన్ఫరెన్సే ఇవ్వొచ్చు కదా అంటారు. వెబ్‌కాస్ట్‌లో సర్వర్ చేసేది తయారుగా ఉన్న ఫైలు అందించడం. పది మంది అడిగినా, పదివేల మంది అడిగినా అదే ఫైలు. కాన్ఫరెన్స్‌లో ఒక్కొక్కరితో విడిగా, రెండు వైపులా తెగని సంబంధం పెట్టుకోవాలి. కల్యాణ మండపంలో బంతి భోజనాలు పెట్టడానికీ, వచ్చినవాళ్లందరినీ ఒక్కొక్కరిగా పలకరించి కూర్చోబెట్టడానికీ ఉన్నంత తేడా.

ఈమధ్య ముక్కలను ఇంకా చిన్న తునకలు చేసి ఆలస్యాన్ని కొద్ది సెకన్లకు దించే పద్ధతులు వచ్చాయి. యాపిలే 2019లో అలాంటిది ప్రకటించింది. యూట్యూబ్ లైవ్‌లో కూడా ఆలస్యం మామూలుగా ఉండాలా, తక్కువ ఉండాలా, బాగా తక్కువ ఉండాలా అని అడుగుతుంది. బాగా తక్కువ పెట్టుకుంటే చూసేవాళ్ల దగ్గర బఫరింగ్ చక్రం తిరిగే అవకాశం పెరుగుతుంది.

క్యాంటీన్లో నూట యాభై ఫోన్లు

ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉందనుకుందాం. హెడ్డాఫీసు ఎక్కడో ముంబైలో. కొత్త ఎండీగారు అన్ని ప్లాంట్ల ఉద్యోగులతో ఒకేసారి మాట్లాడాలన్నారు. లింకు వాట్సాప్ గ్రూపులో పడింది. షిఫ్టు మారే వేళ నూట యాభై మంది క్యాంటీన్లో చేరి, ఫ్యాక్టరీ వైఫై పట్టుకుని లింకు నొక్కారు.

ఓ మోస్తరు స్పష్టంగా కనబడే వీడియోకు సుమారు 2.5 ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అన్న నెట్ వేగం) కావాలి. నూట యాభై ఫోన్లకు 375. ఫ్యాక్టరీకి ఉన్న లైను 100 ఎంబీపీఎస్ అనుకుంటే, ముంబైలో ఎంత ఖరీదైన కెమెరాలు పెట్టినా ఇక్కడ నడవదు. పైగా అదే లైను మీద గేటు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జి బిల్లింగ్, స్టోర్సు కంప్యూటర్లు కూడా ఉంటాయి. ఎండీగారి ఉపన్యాసం మొదలైన పది నిమిషాలకు బయట లారీల వరుస పెరిగిందంటే ఆశ్చర్యమేమీ లేదు.

అదే క్యాంటీన్లో ఒక ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు పెట్టి ఒక్క లింకు తెరిస్తే సరిపోయేది 5 ఎంబీపీఎస్. నేను చూసినంతలో బాగా నడిచినవన్నీ ఇలా నడిచినవే. పెద్ద కంపెనీలు దీన్నే యంత్రాలతో చేస్తాయి. ప్లాంటు లోపలే ఒక చిన్న సర్వర్ పెడతాయి. బయటనుంచి వీడియో ఒక్కసారే వస్తుంది, లోపలివాళ్లకు ఆ సర్వరే పంచుతుంది.

దీన్నే ఊరికి, రాష్ట్రానికి, దేశానికి పెంచితే సీడీఎన్, అంటే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అవుతుంది. ప్రతి ఇంటికీ నదినుంచి నేరుగా పైపు వేయరు కదా, వీధివీధికీ ఓవర్‌హెడ్ ట్యాంకు కడతారు. వెబ్‌కాస్ట్ ముక్కలను కూడా చూసేవాళ్లకు దగ్గర్లోని సర్వర్లలో నింపి పెడతారు. పదివేల మంది ఒకేసారి చూస్తే 2.5 చొప్పున 25,000 ఎంబీపీఎస్. ఇంత బరువు ఒక్క సర్వర్ మీద వేస్తే నిలబడదు. ట్యాంకులుంటే తెలియను కూడా తెలియదు.

డేటా లెక్క కూడా చూద్దాం. 2.5 ఎంబీపీఎస్ చొప్పున గంట చూస్తే దాదాపు 1.1 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్న కార్మికుడికి ఆ రోజు ఇంక పెద్దగా ఏమీ మిగలదు. అందుకే మంచి వెబ్‌కాస్ట్‌లో ఒకే వీడియోను నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి పెడతారు. నెట్ బలాన్ని బట్టి ఫోనే ఎంచుకుంటుంది. 400 కేబీపీఎస్ (ఎంబీపీఎస్‌లో వెయ్యో వంతు ఒక కేబీపీఎస్) మెట్టులో గంటకు 180 ఎంబీ చాలు. మాట మాత్రమే వినే మెట్టు, 64 కేబీపీఎస్ అనుకుంటే, గంటకు 30 ఎంబీ కూడా కాదు. చాలా కంపెనీ ప్రసంగాలకు నా దృష్టిలో ఆ ఆఖరి మెట్టే ఎక్కువ. చూడటానికి అక్కడ ఉండేది ఒక పోడియం, ఒక పూలబొకే.

మన చేతిలో ఉన్నది అప్‌లోడ్ ఒక్కటే

జనం స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. లైవ్ ఇచ్చేవాడికి కావాల్సింది అప్‌లోడ్, అంటే మన దగ్గర నుంచి బయటికి పంపే వేగం. ఫోన్ హాట్‌స్పాట్‌లో డౌన్‌లోడ్ 40 వచ్చినచోట అప్‌లోడ్ 4 రావడం మామూలే. 4 ఎంబీపీఎస్ వీడియోను 4 ఎంబీపీఎస్ దారిలో పంపడం అంటే గేటు వెడల్పుకు సరిగ్గా సరిపోయే లారీని లోపలికి తోలడం. ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. కనీసం రెట్టింపు ఉంచుకుంటాం.

మా తప్పు ఒకటి చెప్తాను. ఒక ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి అన్నీ రెండేసి పెట్టుకుని వెళ్లాం. రెండు కెమెరాలు, రెండు ల్యాప్‌టాపులు, రెండు కంపెనీల సిమ్ములు. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, ల్యాప్‌టాప్ నడుస్తోంది, కెమెరా నడుస్తోంది, అయినా లైవ్ పోయింది. చూస్తే రూటర్ ప్లగ్గు గోడకు ఉంది, యూపీఎస్‌కు లేదు. జనరేటర్ అందుకునేసరికి ఒకటిన్నర నిమిషం. ఆ ఒకటిన్నర నిమిషంలో పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది. చైర్మన్ బోనస్ ప్రకటించింది సరిగ్గా అప్పుడే.

చూడటం వేరు, హాజరవడం వేరు

ఇక సారు మూడో ప్రశ్న. దీనికి జవాబు సాంకేతికంలో లేదు, చట్టంలో ఉంది.

వెబ్‌కాస్ట్ నియమం ముందు వచ్చింది. బ్యాంకర్ ఉదయ్ కోటక్ నాయకత్వంలోని కమిటీ 2017లో చేసిన సిఫారసుల తర్వాత, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనలు మార్చింది. మార్కెట్ విలువ ప్రకారం మొదటి వంద లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన) కంపెనీలు ఏజీఎంను ఒకవైపు ప్రసారంగా లైవ్ ఇవ్వాలన్న నియమం 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అప్పట్లో మీటింగు హాల్లోనే జరిగేది. కడపలో ఉన్న షేర్‌హోల్డరు ముంబై పోలేడు కాబట్టి ఇంట్లో కూర్చుని చూడనిచ్చారు. చూడటం వరకే.

మరుసటి ఏడాది కరోనా వచ్చింది. హాల్లో జనాన్ని కూర్చోబెట్టే వీల్లేదు. 2020 ఏప్రిల్ 8న, మే 5న కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన సర్క్యులర్లతో మొత్తం మీటింగే వీడియో కాన్ఫరెన్స్‌లో పెట్టుకునే దారి తెరుచుకుంది. తర్వాత దాని గడువు పెంచుతూ వచ్చారు. ఈ దారిలో వచ్చినవాళ్లను చట్టం హాజరైనవాళ్లుగానే లెక్కిస్తుంది. కోరంలో, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్యలో వాళ్లు పడతారు. అయిదు వేల మందికి పైగా సభ్యులున్న పబ్లిక్ కంపెనీకి కోరం 30 మంది. వెబ్‌కాస్ట్‌లో ముప్పై వేల మంది చూస్తున్నా, కాన్ఫరెన్స్‌లో 29 మందే ఉంటే కోరం లేనట్టే.

ఆ సర్క్యులర్లలో మన పనికొచ్చే వివరాలు ఇంకొన్ని ఉన్నాయి. ఈ-ఓటింగ్ ఇవ్వాల్సిన కంపెనీలు కనీసం వెయ్యి మంది సభ్యులకు, ముందు వచ్చినవాళ్లకు ముందు అన్న లెక్కన, చోటు ఇవ్వాలి. రెండు శాతం, అంతకు మించి షేర్లున్నవాళ్లకు, ప్రమోటర్లకు, డైరెక్టర్లకు, ఆడిటర్లకు ఈ క్యూ లేదు. మీటింగుకు పావుగంట ముందే లింకు తెరవాలి, మొదలయ్యే సమయం దాటాక ఇంకో పావుగంట వరకూ మూయకూడదు. ఎవరూ స్వయంగా రానక్కర్లేదు కాబట్టి తన బదులు ఇంకొకరిని ప్రాక్సీగా పంపే సౌకర్యం లేదు.

ఓటు సంగతి ఇంకొక మెలిక. ఓటు వేయడానికి మీటింగులో ఉండాల్సిన అవసరమే లేదు. రిమోట్ ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉండి, మీటింగుకు ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూతపడుతుంది. అప్పుడు వేయనివాళ్లు మీటింగు జరుగుతుండగా వేయొచ్చు, కానీ అది కాన్ఫరెన్స్ లింకులో ఉన్నవాళ్లకే. ముందే వేసినవాళ్లు మీటింగుకు రావచ్చు, మాట్లాడొచ్చు, మళ్లీ ఓటు వేయలేరు.

సారు విషయంలో చూడండి. ముందురోజు ఓటు వేయలేదు, టీవీలో మాత్రమే చూశారు అనుకుందాం. హాజరు లేదు, ఓటు లేదు, ప్రశ్న లేదు. చూసిన తృప్తి ఒక్కటే. ఫోన్లో కాన్ఫరెన్స్ లింకులో ఉన్నారు కాబట్టి మూడూ దక్కాయి.

ఇదంతా పెద్ద కంపెనీల గోల. తాడిపత్రిలోనో బేతంచెర్లలోనో అన్నదమ్ములు కలిసి పెట్టుకున్న నాపరాళ్ల ప్రైవేట్ లిమిటెడ్‌కు ఏజీఎం అంటే ఇంట్లో భోజనాల తర్వాత మినిట్స్ బుక్‌లో సంతకాలు. వాళ్లకు ఏ లింకూ అక్కర్లేదు.

మ్యూట్ బటన్ ఎవరి చేతిలో?

ఆన్‌లైన్ ఏజీఎం మంచిదా కాదా అన్నదాని మీద మాట కలవడం లేదు.

మంచిదనేవాళ్లు చెప్పేది కొట్టిపారేయలేం. కడపనుంచి ముంబైకి రానూపోనూ రైలు, బస, భోజనం లెక్కవేస్తే చిన్న షేర్‌హోల్డరుకు వచ్చే డివిడెండ్ దాని ముందు నిలవదు. హాల్లో మీటింగులు జరిగిన రోజుల్లో ఆ నగరంలో ఉన్న కొద్దిమందే ఏటా వచ్చి మాట్లాడేవారు. టిఫిన్ ప్యాకెట్ కోసమే వచ్చేవాళ్లున్నారన్న జోకు కూడా ఉండేది. ఇప్పుడు రాయచోటిలో ఉన్నా, రాయదుర్గంలో ఉన్నా కుర్చీ ఒకటే.

వద్దనేవాళ్ల మాటా బరువైనదే. హాల్లో చైర్మన్ మొహం ఎదురుగా ఉంటుంది. జవాబు దాటవేస్తే పక్కవాడు లేచి "ఆయన అడిగింది అది కాదు" అనేవాడు. ఆన్‌లైన్‌లో మాట్లాడాలంటే ముందే పేరు ఇవ్వాలి, పిలిచినప్పుడే మైకు, రెండు మూడు నిమిషాలు కాగానే మ్యూట్. మీటింగులో ఇంకా ఎవరున్నారో కూడా కనబడదు. ప్రశ్నలన్నీ అయ్యాక ఒకేసారి జవాబులు చెప్తారు. అందులో ఏది జారిపోయిందో పట్టుకునేవాళ్లుండరు.

కంపెనీ సెక్రటరీలు దీనికి వాళ్ల వైపు చెప్తారు. గంటన్నరలో నలభై మంది మాట్లాడాలంటే వరుస ఉండాల్సిందే, హాల్లోనూ మైకు గుంజుకునేవాళ్లు ఇతరుల సమయం తినేవారు అంటారు. నిజమే. హాలు, లింకు రెండూ పెడితే పోదా అంటే, ఖర్చు రెండింతలవుతుంది. మా పని కూడా రెండింతలే. హాల్లో స్పీకర్ల శబ్దం కాన్ఫరెన్స్ మైకులోకి దూరకుండా చూడటం ఒక్కటే ఒక మనిషి రోజంతా చేసే పని. నా మటుకు నాకు, ఆన్‌లైన్ అన్నది అసలు గొడవ కాదనిపిస్తుంది. మ్యూట్ బటన్ ఎవరి చేతిలో ఉందో, అడిగిన ప్రశ్నలన్నీ బయటపెడతారో లేదో, అక్కడుంది విషయం.

రికార్డింగ్‌ను లైవ్ అంటే

ఉద్యోగుల మీటింగుల్లో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది ఇది. ఎండీగారి ఉపన్యాసం వారం ముందే రికార్డు చేసి, ఆ రోజు లైవ్ లాగా వదులుతారు. చివర్లో ప్రశ్నలు మాత్రం నిజంగా లైవ్. కంపెనీవాళ్ల వాదన తప్పులు రావు, కరెంటు పోయినా భయం లేదు అని. రూటర్ కథ చెప్పిన నేను దీన్ని తప్పుపట్టలేను. కానీ ఒకసారి ఉద్యోగులు పట్టేశారు. ఉపన్యాసంలో ఎండీగారిది నీలం చొక్కా, ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి తెల్ల చొక్కా. చాట్ పెట్టెలో ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలన్నీ చొక్కా గురించే.

లింకు రహస్యం కాదు

డబ్బు మిగులుతుందని కొందరు యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' పెట్టి ఉద్యోగులకు లింకు పంపుతారు. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు అని మాత్రమే. లింకు చేతికందిన ప్రతివాడూ చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. వాట్సాప్ గ్రూపులో పడిన లింకు టీకొట్టు దాకా ఎంతసేపట్లో పోతుందో మనకు తెలియనిది కాదు. మీటింగుకు ముందు హాల్లో సినిమా పాట వేస్తే కాపీరైట్ పేరుతో లైవ్ ఆగిపోయే ప్రమాదం ఇంకొకటి.

లిస్టెడ్ కంపెనీ అయితే విషయం ఇంకా ముదురుతుంది. షేరు ధరను కదిలించే కబురు ఎక్స్ఛేంజీకి చెప్పకముందే ఉద్యోగుల లైవ్‌లో జారితే అది సెబీ దగ్గర సమాధానం చెప్పుకోవాల్సిన సంగతి. మూడు నెలలకోసారి విశ్లేషకులతో జరిపే కాల్స్‌కు కూడా ఇదే కారణంతో నియమం పెట్టారు. ఆడియో రికార్డింగ్‌ను 24 గంటల్లో లేదా మరుసటి ట్రేడింగ్ రోజుకు ముందు, ఏది ముందైతే అప్పటికి అందరికీ అందుబాటులో ఉంచాలి. మాటలను అక్షరాల్లోకి ఎక్కించిన ప్రతిని అయిదు పనిదినాల్లో పెట్టాలి.

వీటన్నిటికంటే మా ప్రాంతంలో పెద్ద సమస్య భాష. ఉపన్యాసం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. "ఆ సారు ఏం చెప్పినాడో ఏమో, చప్పట్లు కొట్టినాం" అని క్యాంటీన్లో ఒకాయన అన్నాడు. ఒకే వీడియోకు రెండు మూడు భాషల ఆడియో జోడించే వీలు హెచ్‌ఎల్‌ఎస్‌లో ఉంది. పక్క గదిలో మనిషి కూర్చుని విని తెలుగులో చెప్తుంటే, కావాల్సినవాళ్లు తెలుగు నొక్కుకుంటారు. వెబ్‌కాస్ట్ ఆలస్యం ఇక్కడ కలిసొస్తుంది. బొమ్మనూ ఇంగ్లీషు ఆడియోనూ కొద్దిగా ఆపి తెలుగుకు జతచేసినా ఎవరికీ తేడా తెలియదు. అడిగే కంపెనీలు మాత్రం తక్కువ.

సారు కథకు కొసరు ఒకటుంది. వీడియో కాన్ఫరెన్స్‌లో జరిగిన ఏజీఎం మాటలను అక్షరాల్లోకి ఎక్కించిన ప్రతిని పబ్లిక్ కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. కొన్నాళ్లకు అది వచ్చింది. సారు జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, తన పేరున్న పేజీకి మడత పెట్టుకుని తెచ్చి చూపించారు. నమస్కారం ఉంది, కడప ఉంది, డివిడెండ్ గురించి సగం వాక్యం ఉంది. టీవీ మాట్లాడిన చోట మాత్రం బ్రాకెట్లో 'మాట స్పష్టంగా లేదు' అని ఇంగ్లీషులో వేశారు.